రొయ్య మేడ

కోవూరు బస్సు పెన్న బ్రిడ్జి ఎక్కగానే
మా ఖాదర్ బాషా గురువు బీడీ పారేసేవాడు.
"చూడరా పెంచలా,
ఊరు సంతకం పెడతా ఉండాది ఆకాశం మీద."

నాకప్పుడు పదహారు.
చేతికి ఇంకా కుంచె కుదరలేదు,
'క'కి తలకట్టు పెడితే జారిపోయేది.
ఏటి ఇసకలో కూర్చోబెట్టి, పుల్ల చేతికిచ్చి
చెయ్యి ఎత్తకుండా ఊరిని గీయమన్నాడు:
తాళ్లు, తాళ్ల కింద పెంకుటిళ్ల వీపులు,
మెల్లగా లేచి, ఒక్క ఊపున గోపురం,
దిగి, ఊపిరి పీల్చుకుని రెండు మీనార్లు,
ఆ పైన రైసుమిల్లు గొట్టం,
చివర చిన్న తోక. అది పొగ.
"అన్నీ ఒకే ఎత్తుంటే అది రాత కాదురా,
పళ్ల సెట్టు."

అయినా నేను చెప్పొచ్చింది గురువు సంగతి కాదు,
రొయ్య సంగతి.

అల్లూరు కాడ మాలకొండారెడ్డికి నలభై ఎకరాల గుంటలు.
రెండు పంటలు వరసగా కలిసొచ్చాయి.
ఏటి గట్టు దాపున ఏడంతస్తులు లేపాడు,
ఏడో అంతస్తు మీద నీళ్ల ట్యాంకు,
ట్యాంకు మీద
లారీ పొడుగు సిమెంటు రొయ్య.
"అన్నం పెట్టింది గదా,
నెత్తిన పెట్టుకోవద్దా?" అన్నాడు.
ఆ మాటలో తప్పు వెతికాను, దొరకలేదు.
అడ్వాన్సు ఆరువేలు దొరికింది.

నడుముకి తాడు కట్టుకుని ఎక్కాను.
ఎడమ కన్ను వేశాను, నిప్పు ఎరుపు.
ఒక మీసం వేశాను.
కుంచె తుడుచుకుంటూ చూస్తే
గోపురం నాకంటే కిందుంది.
పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి దాని నడినెత్తి చూశాను,
కలశాల మధ్య పావురాల రెట్ట.
ఆ రాత్రి అన్నం సయించలేదు.

అదే వారం గుంటల్లో తెల్లమచ్చ పడింది.
రెడ్డి ఫోను ఎత్తలేదు.
మేస్త్రీలు పరంజీ విప్పుకుపోయారు.
ఒంటి కన్నుతో, ఒంటి మీసంతో
పదమూడేళ్లుగా అది
ఊరి మీద పాకుతూనే ఉంది,
సరిగ్గా గోపురానికీ మీనార్లకీ నడుమ.
గురువు గీసిన గీత మీద సిరా బొట్టు.
కాదు, బొట్టంటే చిన్నమాట.
సంతకం మీద ఎవడో టీ గ్లాసు పెట్టాడు.

ఖాదర్ బాషాకి అప్పటికే కళ్లలో పొరలు.
బ్రిడ్జి చప్పుడు మారగానే అడిగేవాడు:
"ఉండాదా?"
"ఉండాది గురువా."
"పక్కన ఏందో ఎర్రగా మెరిసినట్టుందే?"
"సూర్యుడు" అన్నాను.
అప్పుడు టైము మిట్టమధ్యాహ్నం పన్నెండు.
ఆయన మళ్లీ అడగలేదు.

ఊరు అలవాటు పడింది.
ఆటోవాళ్లు రొయ్య కాడికి పది అన్నారు.
పెళ్లి కార్డుల్లో అచ్చయింది, రొయ్య మేడ ఎదురు సందని.
నేను రాసిన బోర్డుల్లోనే నాలుగింటి మీద
ఆ అడ్రసు రాశాను,
తలకట్లు జారకుండా.

నిన్న కోవూరు నుంచి వస్తున్నా.
చేతిలో పని లేదు, ఇప్పుడంతా ఫ్లెక్సీలే.
బ్రిడ్జి మీద తలెత్తితే
గట్టున కొత్త ఆసుపత్రి, నీలం అద్దాలు, పన్నెండంతస్తులు.
స్కేలు పెట్టి గీసినట్టు, ఎక్కడా
చెయ్యి వణికిన జాడ లేదు.
అందులో మబ్బులు కనపడుతున్నాయి,
ఊరు కనపడటం లేదు.

సీట్లోంచి లేచాను.
పక్కనామె ఒళ్లో పిల్లాడి మీదుగా వంగి
కిటికీ ఊచకి చెంప ఆనించి
మెడ తిప్పి, ఇంకా తిప్పి
వెతికాను.
పెంచలకోన నరసింహుడి మీద ఒట్టు,
నేను వెతికింది గోపురాన్ని కాదు.

అద్దాల అంచున
ఎర్రగా, ఒక మీసం కొస.
"దిగాలా పెద్దాయనా?" అన్నాడు కండక్టరు.
"ఉండాది" అన్నాను.